మద్యనిషేధం కోసం పదవి పోగొట్టుకున్న ప్రకాశం పంతులు



ఆంధ్రకేసరి అనగానే మనకు తుపాకీకి ఎదురు నిలిచిన గుండె గుర్తుకొస్తుంది. కానీ ఆ మహానుభావుడి ముఖ్యమంత్రి పదవి కల్లు, సారా సమస్య మీద పోయిందని మనలో చాలామందికి తెలియదు.

టంగుటూరి ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోతే, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. పరీక్ష ఫీజుకు మూడు రూపాయలు లేక ఆ తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టింది. ఫీజు గడువు దగ్గరపడితే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు చేరదీసి రాజమండ్రి తీసుకెళ్ళి చదివించారు. ప్రకాశం అక్కడే ప్లీడరయ్యారు. తర్వాత ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, మద్రాసులో లక్షలు సంపాదించారు. 1921లో ఆ సంపాదన వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టి, ఉన్నదంతా ఉద్యమానికే ఖర్చు చేశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో పోలీసు తుపాకులకు ఎదురొడ్డి నిలిచారు.

1937లో రాజాజీ మంత్రివర్గంలో ఆయన రెవెన్యూ మంత్రి. ఆ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. తగ్గిన ఆబ్కారీ ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మద్రాసు నుంచి విడిపోయినా నిషేధ చట్టం మనతోనే వచ్చింది. చట్టం ఉన్నా దొంగసారా ఆగలేదు. మరోవైపు తాటిచెట్టునే నమ్ముకున్న గీత కార్మికుల కుటుంబాలు ఉపాధి పోయి వీధిన పడ్డాయి. గౌతు లచ్చన్న వంటి నాయకులు వారి పక్షాన నిలబడి పోరాడారు. నిషేధం పనితీరును పరిశీలించిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తివేయమని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఈ విషయం మీదే అవిశ్వాస తీర్మానం వచ్చింది. 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. 1957 మే 20న హైదరాబాదులో ప్రకాశం కన్నుమూశారు. అప్పటికి ఆయన వెనకేసుకున్న ఆస్తి ఏమీ లేదు.

ఎవరిది తప్పు? మన హాస్టల్లో గీత కార్మికుల పిల్లలున్నారు. నాన్న తాగుడుకు అమ్మ కూలి డబ్బులు పోయిన ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. ఒకే పళ్ళెంలో అన్నం పంచుకుని పెరిగిన మనకు ఈ రెండు బాధలూ తెలుసు. నిషేధం కావాలన్న ప్రకాశం గారి పట్టుదల నిజాయితీ గలది. పని పోయినవాడికి బ్రతుకుతెరువు చూపకపోవడం మాత్రం ఆ చట్టంలోని లోటు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కాచెల్లెళ్ళు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993లో సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి, ఆదాయం చాలక 1997లో సడలిపోయింది. 1954లోనూ 1997లోనూ కథ ఒక్కటే. నిషేధం పెట్టేవారు ఖజానాకూ, చెట్టెక్కే మనిషికీ ముందే దారి చూపాలి.

తమ్ముళ్ళారా! రేపు మనలో కొందరు అధికారులవుతారు. ఫైలు మీద సంతకం పెట్టేటప్పుడు ఆ తల్లినీ, ఆ గీత కార్మికుడినీ ఇద్దరినీ గుర్తుంచుకుందాం. ప్రకాశం పంతులుగారికి మనం ఇవ్వగలిగిన నివాళి అదే.