దిక్కు వెతుకుతూ పాలపుంతను విన్న ఇంజనీరు

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, హోల్మ్‌డెల్ అనే పల్లెటూరు. 1931లో అక్కడి పొలాల మధ్య ఓ వింత యంత్రం తిరుగుతూ ఉండేది. కర్రల చట్రం, దానికి బిగించిన లోహపు గొట్టాలు, 30 మీటర్ల పొడవు, కింద పాత ఫోర్డ్ మోడల్-టి కారు చక్రాలు. 20 నిమిషాలకు ఒక చుట్టు. తోటి ఉద్యోగులు దాన్ని జాన్‌స్కీ రంగులరాట్నం అనేవారు.

కార్ల్ గూథ్ జాన్‌స్కీ 1905లో ఓక్లహోమాలో పుట్టాడు. తండ్రి ఇంజనీరింగ్ ప్రొఫెసర్. విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివి, 1928లో బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. అప్పటికే కిడ్నీ జబ్బు. ఆరోగ్యానికి మంచిదని నగరానికి దూరంగా ఉన్న కేంద్రానికి పంపారు.

అట్లాంటిక్ మీదుగా రేడియో టెలిఫోన్ అప్పుడప్పుడే మొదలైంది. మాటల మధ్య గరగరలు విసిగించేవి. ఆ గరగర ఏ దిక్కు నుంచి వస్తోందో తేల్చడమే జాన్‌స్కీ పని. దిక్కు తెలిస్తే, యాంటెన్నాను అటు కాకుండా మరో వైపు తిప్పి పెట్టుకోవచ్చు. అతని యాంటెన్నా ఒక వైపు నుంచి వచ్చే 14.6 మీటర్ల తరంగాలను బలంగా పట్టేది. అది తిరుగుతుంటే కాగితం మీద పెన్ను గీత లేచేది, పడేది. గీత ఎక్కడ లేచిందో అదే దిక్కు. పైకీ కిందికీ మాత్రం వంగేది కాదు కాబట్టి, దిక్కు తెలిసినంత బాగా ఎత్తు కోణం తెలిసేది కాదు.

దగ్గరి ఉరుములు, దూరపు ఉరుములు విడివిడిగా తేలిపోయాయి. మిగిలింది సన్నటి, ఆగని బుస. అది పొద్దున తూర్పున మొదలై సాయంత్రానికి పడమరకు జరిగేది. సూర్యుడే కారణమనుకున్నాడు. పొరపాటే, కానీ సహజమైన పొరపాటు. అతను దాన్ని గమనించింది మన ధనుర్మాసం రోజుల్లో. అప్పుడు సూర్యుడు ఉండేది ధనూరాశిలోనే.

నెలలు గడిచేకొద్దీ బుస సూర్యుణ్ణి వదిలేసింది. రోజుకు 4 నిమిషాలు ముందుగా రావడం మొదలుపెట్టింది. నెలకు 2 గంటలు. 1932 ఆగస్టులో పాక్షిక సూర్యగ్రహణం రోజున కూడా గీత మారలేదు. మన కార్తెలు మారడం వెనక ఉన్నదీ ఈ 4 నిమిషాల లెక్కే: నక్షత్రాలు 23 గంటల 56 నిమిషాలకే మళ్లీ అదే చోటికి వస్తాయి. స్కెల్లెట్ అనే మిత్రుడి ద్వారా ఖగోళశాస్త్రం తెలుసుకున్నాక విషయం బోధపడింది. ఆ శబ్దం సౌరకుటుంబం బయటిది. లెక్కకట్టిన దిక్కు ధనూరాశి వైపు, పాలపుంత కేంద్రం ఉన్నచోట.

1933 మే 5న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త వచ్చింది. పది రోజులకు రేడియోలో జనానికి ఆ బుస వినిపించారు. ఆ తర్వాత నిశ్శబ్దం. టెలిఫోన్ కంపెనీకి అంత సన్నటి శబ్దంతో ఇబ్బంది లేదు, కాబట్టి అవసరమూ లేదు. పైగా ఆర్థిక మాంద్యం రోజులు. నక్షత్రాల పని ఆగిపోయిందని, మామూలు రేడియో రొద కొలిచే పనిలో పెట్టారని 1934లో అతను ఇంటికి రాసిన ఉత్తరంలో ఉంది. ఎవరూ అడ్డుపడలేదని పై అధికారి ఫ్రీస్ తర్వాత చెప్పుకొచ్చాడు. ఉత్తరాన్నే నమ్మాలనిపిస్తుంది నాకు. అయితే తప్పంతా కంపెనీది కాదు. టెలిస్కోపులు చేతిలో ఉన్న ఖగోళశాస్త్రవేత్తలు ఎందుకు ముందుకు రాలేదు? ఆ దారి పట్టింది గ్రోట్ రెబర్ అనే ఔత్సాహికుడు ఒక్కడే. 1937లో సొంత డబ్బుతో పెరట్లో రేడియో డిష్ కట్టాడు.

యుద్ధకాలంలో జాన్‌స్కీ దిక్కులు కనిపెట్టే విద్యనే సైన్యానికి అందించాడు. 1950 ఫిబ్రవరిలో, 44 ఏళ్లకే చనిపోయాడు. నోబెల్ రాలేదు. అదే హోల్మ్‌డెల్‌లో 1964లో మరో ఆగని రొదను పట్టుకున్న పెంజియాస్, విల్సన్‌లకు మాత్రం 1978లో వచ్చింది.

1973లో రేడియో తరంగాల తీవ్రతకు జాన్‌స్కీ పేరుతో కొలమానం పెట్టారు. పుణె దగ్గరి జీఎంఆర్‌టీలోనూ లెక్క అందులోనే. రంగులరాట్నం తిరిగిన చోటు మాత్రం మరుగునపడింది. వెతికి పట్టుకుని 1998లో అక్కడ స్మారకం నిలిపారు. 1932 సెప్టెంబరు 16 సాయంత్రం 7:10కి బుస గట్టిగా వినిపించినప్పుడు యాంటెన్నా ఎటు తిరిగి ఉందో, అది అటే తిరిగి ఉంటుంది.