జాన్ వాన్ న్యూమన్ (1903–1957)

ఒకే కంప్యూటర్‌పై ఉత్తరం రాస్తాం, లెక్కలు చేస్తాం, రైలు టిక్కెట్టు తీసుకుంటాం. ఒకే యంత్రం ఇన్ని పనులు ఎలా చేయగలుగుతోంది? దీనికి జవాబు జాన్ వాన్ న్యూమన్ జీవితకథలో ఉంది.

ఆయన 1903 డిసెంబరు 28న హంగరీ రాజధాని బుడాపెస్టులో జన్మించాడు. గణితంలో బాలమేధావి. గణితంతో జీవనం గడవదని తండ్రి భయపడటంతో రసాయన ఇంజనీరింగు కూడా చదివాడు. 1926లో గణితంలో డాక్టరేటు పొందాడు. 1930లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అణుబాంబు పథకానికి లెక్కలు కట్టాడు.

1944లో ఆయనకు ఎనియాక్ అనే కంప్యూటర్ గురించి తెలిసింది. అందులో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. కొత్త లెక్క చేయాలంటే తీగలు విప్పి మళ్ళీ బిగించాలి. అందుకు రోజులు పట్టేది. యంత్రం చేయవలసిన పనుల ఆదేశాలనూ, సమాచారాన్నీ ఒకే మెమరీలో ఉంచవచ్చని 1945లో ఆయన నివేదిక రాశాడు. ఇక తీగలు మార్చనక్కరలేదు, ఆదేశాలు మారిస్తే చాలు. ఈ ఆలోచనలో ఎకర్ట్, మాక్లీ అనేవారికీ భాగం ఉంది. కాని నివేదికపై వాన్ న్యూమన్ పేరొక్కటే ఉండటం వారిని నొప్పించింది.

1957 ఫిబ్రవరి 8న ఆయన క్యాన్సరుతో మరణించాడు.

ఈ సౌకర్యంలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. ఒక దరఖాస్తులో పేరుకు 20 గడులు ఉన్నాయనుకోండి. ఒకరు 40 అక్షరాలు రాశారు. మిగిలినవి పక్కనున్న అధికారి ఉత్తర్వు గడిలోకి వెళ్ళాయి. గుమాస్తా వాటిని ఉత్తర్వుగా భావించి అమలు చేశాడు. కంప్యూటర్‌లో ఇలా జరగడాన్ని బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు.

అడిగినవారికి ఇంటర్నెట్ పుటలను అందించే ప్రోగ్రాం వెబ్ సర్వర్. 2001 జూలైలో కోడ్ రెడ్ అనే పురుగు ప్రోగ్రాం, మైక్రోసాఫ్ట్ వారి ఐఐఎస్ వెబ్ సర్వర్‌లోని ఇటువంటి లోపం గుండా 14 గంటలలోపే 3,59,000కు పైగా కంప్యూటర్లలో ప్రవేశించింది. లోపాన్ని సరిచేసే ప్రోగ్రాం అంతకు నెల ముందే విడుదలైంది. చాలామంది దాన్ని అమర్చుకోలేదు.

తప్పు వాన్ న్యూమన్ ఆలోచనది కాదు. వచ్చే సమాచారాన్ని కొలిచి తీసుకోవడం ప్రోగ్రాం రాసేవారి బాధ్యత. సవరణలను వెంటనే అమర్చుకోవడం వాడేవారి బాధ్యత.

పాఠ్యగత ప్రశ్నలు
1. ఎనియాక్‌తో ఉన్న ఇబ్బంది ఏమిటి?
2. దరఖాస్తు ఉదాహరణలోని గుమాస్తా పొరపాటును మీ మాటల్లో వివరించండి.