దేవదాసుకు గొంతునిచ్చిన ఘంటసాల

మా వైపు పల్లెల్లో పొద్దుగూకితే కల్లు దుకాణం దిక్కు నుంచి ఒక పాట తప్పకుండా వినబడుతుంది. అది దేవదాసు పాటే అయి ఉంటుంది. పాడేవాళ్లలో చాలామంది ఆ సినిమా చూసి ఉండరు. కాని ఆ గొంతు ఎవరిదంటే మాత్రం టక్కున ఘంటసాల అని చెబుతారు. నేను రైతు బిడ్డను, సైన్సు విద్యార్థిని. రాగతాళాలు నాకు తెలియవు. అయినా ఆ మహాగాయకుని జీవితం గురించి నాలుగు మాటలు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు భజనలు పాడేవారు. కొడుకును భుజాన ఎత్తుకుని భజనలకు తీసుకుపోయేవారట. ఆ తండ్రి చిన్నతనంలోనే పోయారు. పాట నేర్చుకోవాలనే పట్టుదలతో ఆ పిల్లవాడు ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి చదువు చెప్పారు. తిండికి మాత్రం జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకోవలసి వచ్చింది. హాస్టలు మెస్సులో కూర బాగాలేదని కంచం నెట్టేసే మనం ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా చాలు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి జైలుకు వెళ్లారు. తరువాత సముద్రాల రాఘవాచార్య గారి ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. వారి చిన్న ఇంటికి భారం కాకూడదని పానగల్ పార్కులో రోజులు గడిపారు. కోరస్‌లో పదిమందిలో ఒకడిగా పాడి, మెల్లమెల్లగా పైకి వచ్చారు. 1951లో పాతాళభైరవి సంగీతంతో ఆయన పేరు ఊరూరా తెలిసింది.

1953లో దేవదాసు వచ్చింది. కథ శరత్ బాబుది, పాటలు ఆ సముద్రాల వారివే. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ సినిమా పూర్తి కాకముందే, 1952లో, 28 ఏళ్లకే కన్నుమూశారు. తెర మీద తూలింది అక్కినేని నాగేశ్వరరావు గారు. ఆ తూలుడు వెనక ఉన్న ఏడుపు మాత్రం ఘంటసాల గారిది. తాగినవాడి గొంతులో మాట జారుతుంది గాని, ఆయన పాటలో శ్రుతి ఎక్కడా జారదు. మత్తును పాడటానికి ఎంత మెలకువ కావాలో ఆలోచించండి!

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ దుఃఖం ఎంత తియ్యగా ఉందంటే, వినేవాడికి తాగడమే ఒక గొప్ప ప్రేమలాగా తోస్తుంది. మా చిన్నబాపుకు అట్లాగే తోచింది. పత్తి పంట పోయిన ఏడు కల్లు మరిగాడు. రోజూ దేవదాసు పాటే. ఆ కల్లు చెట్టు నుంచి దిగింది కాదు. మా ప్రాంతంలో కల్లులో డైజిపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మందులు కలిపేవారు. వాటికి అలవాటుపడిన మెదడు ఒక్కసారిగా మందు అందకపోతే తట్టుకోలేదు. 2015లో ప్రభుత్వం కల్తీ మీద దాడులు చేసినప్పుడు తెలంగాణ జిల్లాల్లో ఎంతోమంది చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు నాకు పదేళ్లు. చిన్నబాపును మంచానికి పట్టి ఉంచడానికి ముగ్గురు మనుషులు కావలసి వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ ఏ పాటా గుర్తు రాలేదు.

బాపు ఆయనను సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టర్లు మందు ఇస్తూ, కొద్దికొద్దిగా తగ్గిస్తూ నెలల తరబడి చూశారు. ఇప్పుడు చిన్నబాపు మళ్లీ పొలం చేస్తున్నాడు. దేవదాసుకు ఇట్లాంటి దారి చూపినవారు లేరు. పార్వతి ఊరికి పోయి ఆమె ఇంటి ముందర ప్రాణం విడిచాడు. ఆ పాటలు రోగిని చూపిస్తాయి, అంతవరకు నిజమే చెబుతాయి. వైద్యం మాత్రం పాటలో దొరకదు, మనుషులే చెయ్యాలి.

ఘంటసాల గారు 1970లో పద్మశ్రీ అందుకున్నారు. చివరి కాలంలో భగవద్గీత శ్లోకాలు పాడి రికార్డు చేయించి, 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. తండ్రి పోవడం, అడుక్కుతినడం, జైలు, పార్కు అన్నీ చూసిన మనిషి. దేవదాసుకు ఉన్న దుఃఖం ఆయనకు తక్కువేం కాదు. ఆ దుఃఖాన్ని ఆయన సాధనలో పెట్టారు.

మిత్రులారా! దేవదాసు పాటలు తప్పక వినండి, అంతటి గొంతు మళ్లీ రాదు. కాని పక్క గదిలో స్నేహితుడు రోజూ తాగి ఆ పాటే పాడుతుంటే చప్పట్లు కొట్టి ఊరుకోవద్దు. వాడి చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.