వ్యాకరణం నేర్చిన యాత్రికుడు

హుయాన్‌త్సాంగ్ అనగానే మనకు చరిత్ర పాఠంలోని యాత్రికుడే గుర్తొస్తాడు. కాని ఆయన మొదట విద్యార్థి. చైనా భాషలో నామానికి విభక్తి ప్రత్యయాలుండవు; వాక్యంలో మాట ఉన్న చోటును బట్టే అర్థం తెలుస్తుంది. ఆ భాషలో పుట్టినవాడు 629లో రాజాజ్ఞ లేకుండానే బయలుదేరి, నలందలో శీలభద్రుని శిష్యుడై, పాణిని వ్యాకరణం కూడా పట్టుబట్టి చదివాడు. ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు, ఒక్కో నామానికి 24 రూపాలు!

తర్వాత మన తెలుగునేలపై ధాన్యకటకం వచ్చి, ఇద్దరు భిక్షువుల వద్ద అభిధర్మం నేర్చుకున్నాడు. తనకొచ్చిన శాస్త్రాలు వారికి చెప్పాడు. 645లో 657 గ్రంథాలతో స్వదేశం చేరి, 664లో కన్నుమూసేలోగా సుమారు 75 గ్రంథాలు చైనా భాషలోకి తెచ్చాడు.

విభక్తులెరుగని భాషవాడే అన్ని రూపాలు నేర్చాడే, బాన్సువాడ పల్లెల నుంచి వచ్చిన మనం ఇంగ్లీషు పాఠానికి జడవడమెందుకు?