జేబులో కాణీ పెట్టుకోని కూలిమనిషి



మన పండుగల పట్టికలో ఈయన పేరు మీకు కనబడదు. ఈయన గురువు కాదు, మఠవాసి కాదు, వేదసాక్షి కాదు. ఐర్లండు దేశపు డబ్లిన్ నగరంలో మూటలు మోసి, కలప మోసి బ్రతికిన కూలివాడు. 28 ఏళ్ళ వయసు వరకు పచ్చి త్రాగుబోతు. ఆ తరువాత చనిపోయేదాకా, సుమారు 41 సంవత్సరాలు, ఒక్క చుక్క ముట్టలేదు. పేరు మాట్ టాల్బోట్. పొద్దు గుంకగానే వీధి గుమ్మం వైపు భయంతో చూసే తల్లి గాని, భార్య గాని మీకు తెలిసిన ఇళ్ళలో ఉంటే ఈ పుట వారికి కూడా చదివి వినిపించండి. చదువు వచ్చి, త్రాగుడు మానలేక లోలోపల కుమిలిపోయే మగవాళ్ళు తామే చదువుకోవచ్చు.

మాట్ 1856 మే 2న డబ్లిన్ రేవుకు దగ్గరలోని ఒక పేదపేటలో పుట్టాడు. బంగాళాదుంప పంట కుళ్ళిపోయి లక్షల మందిని పొట్టన పెట్టుకున్న మహా కరువు ముగిసి అప్పటికి కొద్ది ఏళ్ళే అయింది. తండ్రి చార్లెస్, తల్లి ఎలిజబెత్. పన్నెండు మంది పిల్లల్లో ఇతడు రెండవవాడు. తండ్రి రేవులో పనివాడు, బాగా త్రాగేవాడు. మగపిల్లల్లో పెద్దవాడొక్కడు తప్ప మిగిలినవారంతా అదే దారి పట్టారు. మాట్ బడికి వెళ్ళింది చాలా కొద్దికాలం. పన్నెండేళ్ళకే పనిలో పెట్టారు. ఆ పని ఎక్కడంటే మద్యాన్ని సీసాలకెత్తే కంపెనీలో! తిరిగివచ్చిన సీసాల అడుగున మిగిలిన చుక్కల్ని పనిపిల్లలు నాకి చూసేవారు. ఏడాది తిరిగేసరికి కుర్రవాడు తూలుతూ ఇంటికి రాసాగాడు. తండ్రి కొట్టి, ఆ పని మాన్పించి, తన కంటి ఎదుట ఉంటాడు కదా అని రేవులో తన దగ్గరే పనికి కుదిర్చాడు. అక్కడ ఉన్నవి విస్కీ పీపాలు. బీరుతో మొదలైనవాడు విస్కీకి ఎదిగాడు, అంతే తేడా.

తరువాత తాపీమేస్త్రీల దగ్గర ఇటుకలు, సున్నం మోసే పనికి వెళ్ళాడు. మంచి పనివాడనే పేరుండేది. శనివారం చేతికొచ్చిన కూలిని అలాగే సారాకొట్టు యజమాని చేతిలో పెట్టేవాడు. అది ఖర్చయ్యేదాకా, అంటే వారం సగం కాకముందే అయిపోయేదాకా, త్రాగేవాడు. ఆపైన అప్పు. అప్పు పుట్టకపోతే కాళ్ళకున్న బూట్లు అమ్ముకుని వట్టికాళ్ళతో ఇల్లు చేరిన రోజులున్నాయి. ఒకసారి వీధుల్లో ఫిడేలు వాయించి పొట్టపోసుకునే ఒక బిచ్చగాడితో స్నేహం చేసి, అతని ఫిడేలునే ఎత్తుకుపోయి అమ్మి ఆ డబ్బు త్రాగేశారు, ఇతడూ ఇతని మిత్రులూ. ఆ ఫిడేలు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1884లో ఒక శనివారం. మాట్ ఆ వారమంతా పనికి పోలేదు, చేతిలో పెన్నీ లేదు. కాని ధీమాగానే ఉన్నాడు. తనకు కూలి ముట్టినప్పుడల్లా స్నేహితులకు పోయించినవాడు కదా! తమ్ముడితో కలిసి సారాకొట్టుకు పోయే దారి మలుపులో నిలబడ్డాడు. కూలి పుచ్చుకున్న మిత్రులు ఒక్కొక్కరే వచ్చారు. పలకరించారు, లోపలికి వెళ్ళిపోయారు. రమ్మన్నవాడు ఒక్కడు లేడు. ఆ అవమానం సూటిగా గుండెలో దిగింది. మధ్యాహ్నం పూటే, ఒళ్ళు తెలిసి ఇంటికి వచ్చిన కొడుకును చూసి తల్లి ఆశ్చర్యపోయింది. త్రాగుడు మానతానని ఒట్టు పెట్టుకోవడానికి వెళుతున్నానన్నాడు. నిలుపుకునేటట్లయితేనే వెళ్ళమని ఆమె హెచ్చరించింది, దేవుని పేరున దీవించి పంపింది.

ఐర్లండులో ఆనాటికే ఈ ఒట్టుకు పెద్ద చరిత్ర ఉంది. 1838 నుండి థియోబాల్డ్ మాథ్యూ అనే కపుచిన్ సభ గురువు ఊరూరా తిరిగి లక్షలాది మంది చేత మద్యం మానతామని ప్రతిజ్ఞ చేయించారు. మాట్ క్లాన్‌లిఫ్‌లోని గురువిద్యాలయానికి వెళ్ళి, అక్కడి గురువు దగ్గర ఎన్నో ఏళ్ళ తరువాత పాపసంకీర్తనం చేసి, ఒట్టు పెట్టుకున్నాడు. మూడు నెలలకు మాత్రమే! జీవితాంతం అనలేదు, ఆ మాట అనే ధైర్యం లేదు. మరునాడు ఉదయం దివ్యసత్ప్రసాదం స్వీకరించాడు.

ఆ మూడు నెలలు నరకం చూశాడు. గడువు తీరగానే మళ్ళీ త్రాగుతానని తల్లితో చెప్పుకుని వాపోయేవాడట. ఒకరోజు గుడికి వెళ్ళి కూడా లోపలికి పోలేక, తనవంటివాడికి ఇక విమోచనం లేదన్న నిరాశతో ఒక గుడి నుండి ఇంకో గుడికి తిరిగి, చివరికి గార్డినర్ వీధిలో ఉన్న యేసుసభవారి దేవాలయపు మెట్లమీద బోర్లా పడిపోయాడని చెబుతారు. పూజకు వచ్చేవారు ప్రక్కగా తప్పుకుని లోపలికి వెళ్ళారట. మూడు నెలలు నిండాక ఆరు నెలలకు ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తరువాతనే జీవితాంతానికి.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. మాట్ ఒంటరిగా, మందు లేకుండా ఈ బాధ దాటాడు, ఆనాటికి వేరే దారి లేదు. ఏళ్ళ తరబడి రోజూ బాగా త్రాగేవాడు ఒక్కసారిగా మానితే ఒళ్ళు వణకడం, మూర్ఛలు రావడం, రెండు మూడు రోజుల్లో మతి చలించి లేనిపోనివి కనబడటం జరగవచ్చు. అది ప్రాణం మీదికి కూడా తెస్తుంది. అందుచేత మానదలచినవాడిని గదిలో పెట్టి గొళ్ళెం వేయకండి, ముందు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. మందులు వాడటం విశ్వాసం తక్కువ కావడం కాదు.

మాట్ మొదట గ్రహించింది తన బలహీనత ఏ గంటలో వస్తుందనేది. పని దిగిన తరువాతి సాయంత్రం అది. ఆ గంటల్లో ఇంట్లో కూర్చోలేడు, మిత్రుల దగ్గరకు పోలేడు. అందుకని నడిచాడు. కాళ్ళు పీకేదాకా వీధులు పట్టుకు నడిచి, అలసిపోయి ఏదో ఒక గుడిలో కూర్చునేవాడు. గుడిలోకి మొదట అతన్ని లాక్కెళ్ళింది భక్తి కంటే అలసటే అని నా ఊహ. భక్తి తరువాత వచ్చింది. ఒకనాటి సాయంత్రం జేబులో చిల్లర ఉంది, కాళ్ళు సారాకొట్టులోకి దారి తీశాయి. లోపల రద్దీగా ఉంది. కొట్టువాడు తెలిసినవారికి పోస్తూ ఈ కొత్త ముఖాన్ని పట్టించుకోలేదు. నిలబడి నిలబడి విసుగొచ్చి మాట్ బయటికి వచ్చేశాడు, తిన్నగా గుడికి వెళ్ళి తలుపులు మూసేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆనాటి నుండి జేబులో డబ్బు పెట్టుకుని బయటికి వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాడు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మేము ఒక పాత తగవు మీద గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళం. చెడు అని తెలిసి తెలిసీ మనిషి దాన్ని చేస్తాడా? చేయడు, తెలియకనే చేస్తాడని సోక్రటీసు. చేస్తాడు, ఆశ పొంగినప్పుడు తెలిసినది కూడా నిద్రపోతుందని అరిస్టాటిల్. రెండేళ్ళయినా సరిగ్గా బడికి పోని ఈ కూలివాడు ఎవరిది ఒప్పో తేల్చడానికి ప్రయత్నించలేదు. సాయంత్రం తన మనసు తన మాట వినదని ఒప్పుకున్నాడు. అందుకని మనసు మాట వినే తెల్లవారు జామునే చిల్లర ఇంట్లో వదిలేశాడు. సారాకొట్టు ముందు నిలబడి తన గుండెబలాన్ని పరీక్షించుకోలేదు. మన పురుషులు ఎంతమంది, మానేశాను చూడండి అని పాత మిత్రుల మధ్య కూర్చుని సోడా త్రాగబోయి మళ్ళీ పడిపోయారో మీకు తెలుసు.

ఇంకా చిన్న చిన్న ఉపాయాలున్నాయి. బూతుమాటలు అలవాటైన నోరు కదా, కోటు చేతిమీద రెండు గుండుసూదులు సిలువ ఆకారంలో గుచ్చుకున్నాడు, కంటికి కనబడితే నోరు ఆగుతుందని. పొగాకు మానేశాడు. సారాకొట్టుల్లో పాత బాకీలన్నీ కొద్ది కొద్దిగా తీర్చాడు. ఇక ఆ ఫిడేలు మనిషిని వెతుకుతూ ఏళ్ళ తరబడి డబ్లిన్ అంతా, బీదల ఆశ్రమాలతో సహా, తిరిగాడు. దొరకలేదు. చివరికి ఆ ఫిడేలు డబ్బుతో అతని ఆత్మకోసం దివ్యపూజలు చేయించాడు. కొన్ని తప్పులకు బాకీ తీర్చడానికి మనిషే మిగలడు. మాట్‌కు ఆ ముల్లు జీవితాంతం గుచ్చుకునే ఉంది.

పనికి పోయే ముందు వేకువన 5 గంటల పూజకు హాజరయ్యేవాడు. ఆ పూజ 6.15కు మారినప్పుడు ఆయన వేళ అడగలేదు, పనే మార్చుకున్నాడు. ఉదయం 8 గంటలకు మొదలయ్యే మార్టిన్ కలప అడితిలో చేరి చివరిదాకా అక్కడే ఉన్నాడు. 1890లో పునీత ఫ్రాన్సిస్ అస్సీసివారి మూడవ సభలో చేరాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ పునీత అగుస్తీనువారి ఆత్మకథ వంటి పెద్ద గ్రంథాలు చదివాడు. అర్థంకాని చోట గురువులను అడిగేవాడు. అలా ఆయనకు ఆత్మగురువైనది క్లాన్‌లిఫ్ గురువిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించే మైకేల్ హికీగారు. అంత పండితుడు, ఒక కూలివాని గదికి వెళ్ళి కూర్చునేవారంటే చూడండి!

ఆయన తపస్సు సంగతి దాచను. పలకమీద పడుకునేవాడు, కొయ్యముక్క తలగడ. ఎండు రొట్టె, పాలూ పంచదారా లేని కోకో. బట్టల కింద ఒంటికి గొలుసులు కట్టుకునేవాడు. మొదటి గొలుసు హికీగారి అనుమతితోనే. ఇవి చదివి ఎవరూ గొలుసుల కోసం బయలుదేరవద్దు. అది ఆయన దారి, ఆత్మగురువు ఎరిగి నడిచిన దారి. ఒకరికి విచారణలోని జపమాల గుంపు తోడు కావచ్చు, ఇంకొకరికి ఆస్పత్రి, మరొకరికి మానినవాళ్ళంతా కలిసి కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు. ఆ సంఘం అమెరికాలో 1935లో, మాట్ మరణించిన పదేళ్ళకు పుట్టింది. ఇరుగుపొరుగులకు ఆయన గొలుసుల సంగతి తెలియనే తెలియదు. వారు చూసింది నవ్వుతూ పలకరించి, అడిగితే అప్పు ఇచ్చే పొట్టి మనిషిని.

1913లో డబ్లిన్ యజమానులు సుమారు 20,000 మంది కార్మికులను బయటికి నెట్టి గేట్లు మూశారు. మాట్ కూడా సంఘ సభ్యుడే. పని చేయకుండా సమ్మె భత్యం తీసుకోవడానికి మొదట ఒప్పుకోలేదు, తరువాత తీసుకుని పిల్లలున్న తోటివారికి పంచాడు. తల్లిని 1915లో ఆమె చనిపోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ తల్లి త్రాగని కొడుకును ముప్పై ఏళ్ళు చూసుకుంది.

త్రాగుడు మానలేనివారి మీద మరీ కఠినంగా ఉండవద్దని చెల్లెలితో అనేవాడట. అది మానడమంటే చచ్చినవాడు లేచినంత కష్టమనీ, అయితే రెండూ ప్రభువుకు సులువేననీ ఆయన నమ్మకం.

1923 నుండి గుండె, మూత్రపిండాల జబ్బుతో ఆస్పత్రి పాలయ్యాడు. 1925 జూన్ 7, త్రిత్వైక సర్వేశ్వరుని మహోత్సవం. ఒక పూజ ముగించుకుని పునీత డొమినిక్ సభవారి గుడిలో ఇంకో పూజకు నడిచిపోతూ గ్రాన్‌బీ సందులో కూలిపోయాడు. జేబులో పేరు తెలిపే కాగితం ఏదీ లేదు. జెర్విస్ వీధి ఆస్పత్రిలో శవాన్ని సిద్ధం చేస్తున్నవారు గొలుసులు చూసి నివ్వెరపోయారు. బంధువులు వచ్చి గుర్తుపట్టేదాకా ఆయన ఎవరో అక్కడ తెలియదు. జూన్ 11న, దివ్యసత్ప్రసాద పండుగనాడు, గ్లాస్నెవిన్ శ్మశానంలో కొద్దిమంది మధ్య సమాధి చేశారు.

మరుసటి ఏడే జోసెఫ్ గ్లిన్ అనే న్యాయవాది చిన్న జీవితచరిత్ర వెలువరించాడు. 1931లో డబ్లిన్ అగ్రపీఠం విచారణ ప్రారంభించినప్పుడు సాక్ష్యం చెప్పడానికి వచ్చినవారిలో ఆయన చెల్లెళ్ళు, తోటి పనివారు ఉన్నారు. 1975 అక్టోబరు 3న జగద్గురువులు 6వ పౌలుగారు ఆయనను పూజ్యుడిగా ప్రకటించారు. ధన్యుడు కావాలంటే ఒక అద్భుతం రుజువు కావాలి. 1972లో ఆయన భౌతికకాయాన్ని గ్లాస్నెవిన్ నుండి తెచ్చి షాన్ మాక్‌డెర్మట్ వీధిలోని లూర్దుమాత దేవాలయంలో ఉంచారు. ఆయన పుట్టిన పేటకు, మూటలు మోసిన రేవుకు, పడిపోయిన గార్డినర్ వీధి గుడి మెట్లకు అక్కడి నుండి నడిచి పోవచ్చు.