శ్రీ కుందకుందాచార్యులు

మన కోలారు సీమనుండి ఉత్తరముగా అనంతపురము జిల్లాలోనికి పోయినచో గుంతకల్లు పట్టణమునకు చేరువలో కొనకొండ్ల అను గ్రామము కలదు. దానికి దగ్గరనే వజ్రకరూరు. తొలకరి వాన కురియగానే చుట్టుప్రక్కల జనులు వజ్రము దొరకునేమో యని పొలములలో నేల చూపుతో వెదకుట అక్కడి అలవాటు. ఆ కొనకొండ్లకే పూర్వము కొండకుంద యని పేరు. ఊరివద్ద రససిద్ధుల గుట్టపై రాతిలో మలచిన తీర్థంకర మూర్తులు నిలిచి యున్నవి. పద్మనంది భట్టారకుల జన్మస్థలమని ఆ ఊరిని అచ్చటి ప్రాచీన శాసనము కొనియాడుచున్నది. ఆ పద్మనందియే లోకమునకు కుందకుందాచార్యులుగా తెలిసిన మహనీయుడు. శ్రీ మహావీర స్వామి, గౌతమ గణధరుల పిమ్మట దిగంబర సంప్రదాయము మంగళముగా స్మరించు నామము వారిదే. ఇంతటి ఆచార్యుడు తెలుగు నేలపై పుట్టెనని మన పిల్లలలో ఎందరికి తెలియును?

వారి కాలమును గూర్చి పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. క్రీస్తుశకము ఆరంభమున ఉండిరని సంప్రదాయము. 1935లో ప్రవచనసారమును పరిష్కరించి ప్రకటించిన డాక్టరు ఉపాధ్యే గారును అట్లే నిర్ణయించిరి. వారు కొన్ని శతాబ్దములు తరువాతివారని తలంచు పరిశోధకులును కలరు. 11వ ఏట దీక్ష గైకొని, 44వ ఏట ఆచార్యపదమును పొంది, 95 ఏండ్లకు పైగా జీవించిరని పట్టావళులు చెప్పుచున్నవి.

వారి పూర్వజన్మమును గూర్చిన కథ యొకటి మన ఇండ్లలో చెప్పుకొనదగినది. ఒక వర్తకుని ఇంట పశువులు కాచు పిల్లవాడొకడు ఉండెను. ఒకనాడు అడవి తగులబడెను. అంతయు బూడిదయైనను నడుమ కొన్ని చెట్లు మాత్రము పచ్చగా నుండుట చూచి ఆ పిల్లవాడు ఆశ్చర్యపడి దగ్గరకు పోయెను. అచ్చట ఒక పెట్టెలో ఆగమ గ్రంథములు దొరకెను. చదువు రాకపోయినను వానిని ఇంటికి తెచ్చి భక్తితో పూజించెను. కొన్నాళ్ళకు ఒక ముని ఆ ఇంటికి ఆహారమునకు వచ్చెను. యజమాని అన్నదానము చేయగా పిల్లవాడు ఆ గ్రంథములను దానము చేసెను. ఆ శాస్త్రదాన ఫలముగా అతడు తరువాతి జన్మలో ఆ వర్తకునికే కుమారుడై పుట్టి, కుందకుందుడాయెనని కథ.

శ్రవణబెళగొళ శాసనము వారు భూమికి నాలుగు అంగుళముల ఎత్తున నడచెడివారని వర్ణించుచున్నది. లోపలను వెలుపలను ధూళి తమ్ము అంటలేదని తెలుపుటకే వారు అట్లు నడచిరని ఆ శాసనకవియే దాని అర్థమును విప్పి చెప్పెను. ఈ ధూళి మాటను పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. తమిళనాట వందవాసికి దగ్గరనున్న పొన్నూరు కొండపై వారి పాదచిహ్నములు పూజలందుకొనుచున్నవి. వారు సమయసారము, ప్రవచనసారము, పంచాస్తికాయము, నియమసారము మొదలగు గ్రంథములను శౌరసేని ప్రాకృతమున రచించిరి. పండితులకు మాత్రమే గాక సామాన్యులకును అందవలెనని ప్రాకృతమును గ్రహించి యుందురు.

ఇన్ని గ్రంథములలో వారు చూపదలచినదేమి? ఆత్మ యొక్క ఏకత్వము. కోరికల కథ, భోగముల కథ, బంధముల కథ అందరును వినియున్నారు, అనుభవించియున్నారు. తనలో తాను ఒకటిగా నిలిచిన ఆత్మ కథ మాత్రము వినినవారు అరుదు. దానినే తాను చూపెదనని సమయసారము ఆదిలో ఆచార్యులు ప్రతిజ్ఞ చేసిరి. మనము వేయి వస్తువులను చూచుచున్నాము. చూడబడునవి మారుచున్నవి, చూచువాడు ఒక్కడే. తెలియుటయే వాని స్వభావము. ఆ స్వభావము మనలోను, మన యెదుట నిలిచిన మనిషిలోను, కాలిక్రింది చీమలోను ఒక్కటియే. జీవులు వేర్వేరైనను స్వభావమున సమానులని చూచినవానికి అహింస బరువుగా తోచదు.

అది చూచుటెట్లు? ఇందుకు ఆచార్యులు మూడు పనులు చెప్పిరి. గడచిన కాలపు దోషములనుండి మరలుట ప్రతిక్రమణము. రాబోవు దోషములను ముందే విడుచుట ప్రత్యాఖ్యానము. ఇప్పుడు ఉదయించుచున్న శుభాశుభ భావములను వచ్చినవి వచ్చినట్లు తెలిసికొనుట ఆలోచన. వాడుక తెలుగులో ఆలోచన యనగా రేపటి ఎత్తుగడ. లాభమెంత, బాకీ ఎంత, సరుకు ఎప్పుడు దిగును అని లెక్క వేయుట. ఆచార్యుల ఆలోచన అది కాదు. మాట ఒక్కటే యైనను అర్థము తలక్రిందు.

అంగడిలో కూర్చున్నవానికి ఇది సాధ్యమా? బేరము కుదిరినట్లే కుదిరి చెడిపోయినది. లోపల కోపము లేచినది. ఆ లేచిన క్షణముననే, ఇది కోపము, దీనిని తెలిసికొనుచున్నవాడను నేను అని చూచినచో కోపమునకును తనకును నడుమ ఎడము ఏర్పడును. ప్రక్క అంగడిలో గిరాకీ పెరిగినది, అసూయ కదలినది. దానినట్లే చూడవలెను. మంచి లాభము వచ్చినది, గర్వము ఉబికినది. దానిని సైతము అట్లే చూడవలెను. ఇందుకు గద్దె దిగవలసిన పనిలేదు. లక్కూరు వంటి ఊరి చిన్న దుకాణమైనను, రాబర్ట్‌సన్ పేట నగల అంగడియైనను ఇందుకు చాలును.

పదవ శతాబ్దమున సమయసారమునకు వ్యాఖ్య వ్రాసిన అమృతచంద్రసూరి దీనికొక చక్కని దృష్టాంతము చెప్పిరి. చాకలివద్దనుండి పరుల వస్త్రమును తనదనుకొని తెచ్చి, కప్పుకొని నిద్రించినవాడు, అసలు సొంతదారు వచ్చి లేపి చెప్పగా, గుర్తులు చూచి వెంటనే విడిచిపెట్టును. కోపలోభములు అట్టి పరాయి వస్త్రములే. తనవి కావని నిజముగా చూచినవాడు వానిని పట్టుకొనియుండడు.

మన బంగారు సీమవారికి నచ్చు పోలికను ఆచార్యులే చెప్పియున్నారు. బురదలో పడిన బంగారమునకు తుప్పు అంటదు, ఇనుమునకు అంటును. జ్ఞాని బంగారము, అజ్ఞాని ఇనుము. జాన్ టేలర్ కంపెనీ 1880లో చేపట్టగా 2001 ఫిబ్రవరి 28న మూతబడిన మన గనులలో, నేల అడుగున 3 కిలోమీటర్లకు పైగా దిగి రాతిని పిండిచేసి తీసినదేమి? కోటానుకోట్ల ఏండ్లు రాతిలో నున్నను తన గుణమును విడువని లోహము.

అయితే ఇచ్చట ఒక ప్రమాదము కలదు. నేను బంగారమును, నాకేమియు అంటదని చెప్పుకొనుచు తూకములో మోసము చేయువాని మాటేమి? ఈ ప్రమాదమున పడి లేచినవాడు మన వర్తకులలోనే కలడు. 1586లో జౌన్‌పూరులో పుట్టి, ఆగ్రాలో రత్నముల వ్యాపారము చేసిన బనారసీదాసు శ్వేతాంబర కుటుంబమువాడు. సమయసారము చదివి, ఆత్మ శుద్ధమే కదా యని తలచి, నియమములన్నియు విడిచి, మిత్రులతో కూడి వెక్కిరింతలలో కాలము గడపెను. కొన్ని ఏండ్లకు ఒక పండితుడు గోమ్మటసారమును బోధింపగా, ఎవరి మెట్టునకు తగిన ఆచారము వారికి కలదని గ్రహించెను. పిదప 1636లో సమయసారమును హిందీలో నాటకముగా కూర్చెను. 1641లో తన తప్పులను దాచక స్వీయచరిత్ర వ్రాసెను.

ఆచార్యులు ఈ సందేహమునకు సమాధానమును ముందే చెప్పియుండిరి. ఒకడు ఒంటికి నూనె పూసికొని దుమ్ములో సాము చేయును. వానికి దుమ్ము అంటును. మరియొకడు నూనె లేకుండ అదే చోట అదే సాము చేయును. వానికి అంటదు. అంటించినది దుమ్ము కాదు, సాము కాదు, నూనె. ఆ నూనెయే రాగము. తూకములో మోసము చేయు చేతికి నూనె లేదనుట కల్ల. లోభము లేనిదే ఆ చేయి కదలదు. కావున చూచుట యనునది తప్పించుకొనుటకు సాకు కానేరదు. నిజముగా చూచువాడు మొదట చూడవలసినది తన చేతి నూనెనే.

కోలారునకును ఈ ఆచార్యుల పరంపరకును పాత సంబంధము కలదు. గంగరాజుల తొలి రాజధాని కువలాలమనబడిన కోలారు. ఆ రాజ్యస్థాపనకు సింహనంది యను జైనాచార్యులు తోడ్పడిరని శాసనములు చెప్పుచున్నవి. కన్నడదేశపు శాసనములలో ఎందరో మునులు తాము కొండకుందాన్వయమువారమని గర్వముగా చెప్పుకొనిరి. మన కాలమునకు దగ్గరగా, ముంబాయిలో రత్నవర్తకము చేసి 1901లో 33 ఏండ్లకే పరమపదించిన శ్రీమద్ రాజచంద్రులకు సైతము శ్వేతాంబర సంప్రదాయము తల్లివైపునుండి అబ్బినదే. వారును కుందకుందుల గ్రంథములను ఆదరించిరి. దిగంబర శ్వేతాంబర భేదము ఈ వెలుగునకు అడ్డు రాలేదు.

సోదర సోదరీమణులారా! ప్రతి సాయంకాలము అంగడి మూయుటకు ముందు మనము జమాఖర్చు చూచుకొందుము. ఒక్క పైసా తేడా వచ్చినను నిద్రపట్టదు. ఆ పుస్తకము మూసిన పిమ్మట రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు, సామాయికమున కూర్చుండి, లోపల లేచుచున్నదానిని లేచినట్లు చూచుట మనకు కష్టమా? అంత వీలుకానినాడు, కోపము వచ్చిన ఆ ఒక్క క్షణమున చూచినను మేలే. కొనకొండ్లలో పుట్టిన ఆచార్యుడు మనకు విడిచిన ఆస్తి అది. పొలములో వజ్రము దొరకుట అదృష్టము. తెలియువానిని తెలిసికొనుటకు మాత్రము వాన కొరకు ఎదురుచూడనక్కరలేదు.