కండెలు చేసిన చేతులు

విమానపు నమూనాల నెగురవేయుటను వ్యర్థకాలక్షేపమనువారికి జాన్ స్ట్రింగ్‌ఫెలో జీవితమును చూపుదుము. ఆయన 1799లో ఇంగ్లాండునందు షెఫీల్డు చెంత జన్మించెను. చార్డ్ పట్టణమున లేసు యంత్రములకు కండెలు చేయుట ఆయన జీవనవృత్తి. విమానపు నమూనాలు చేయుట వేడుక. మిత్రుడు హెన్సన్‌తో కూడి చేసిన పెద్ద నమూనా ఎగురలేదు. మిత్రుడు ఆశ వదలుకొని అమెరికాకు వెడలెను. ఈయన పట్టు వదలలేదు. కండెల పనిలో అలవడిన చేతినేర్పుతో తేలికయైన ఆవిరియంత్రమును నిర్మించెను. 1848లో 10 అడుగుల రెక్కలుగల నమూనా ఒక లేసుమిల్లులో తీగవెంట సాగి, తీగను విడిచి కొంతదూర మెగిరెనని ప్రతీతి. 1868లో లండను క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనమున ఆయన యంత్రమునకు 100 పౌనుల బహుమానము లభించెను. యంత్రవిమానము మనుష్యుని మోసికొని ఎగురుటకు 20 ఏండ్లు ముందే, 1883లో, ఆయన గతించెను. కూటికై నేర్చిన పనియే ఆయన వేడుకకు రెక్కలిచ్చెనని మా నమ్మకము.